నక్షత్రం మీంచి వచ్చిన నత్త, నా పెళ్లిచూపులు

ఆ రోజుల్లో మా విశాఖపట్నంలో ఒక మనిషి బుద్ధిమంతుడా, చెడిపోయినవాడా అన్నది ఆదివారం పొద్దున్న పదింటికి అతనెక్కడున్నాడో చూసి తేల్చేసేవారు. తలంటుకుని పెరట్లో జుట్టు ఆరబెట్టుకుంటున్నాడంటే బుద్ధిమంతుడు. సంచీ పట్టుకుని చేపల బేరమాడుతున్నాడంటే సంసారపక్షం. బీచిలో ఒంటరిగా తిరుగుతున్నాడంటే కవిత్వం రాస్తున్నాడేమోనని జాలిపడి వదిలేసేవారు. కానీ ఆ వేళకి సినిమాహాల్లో, అదీ ఇంగ్లీషు మార్నింగ్ షోలో, అదీ దయ్యాలూ గ్రహాంతర జీవులూ ఉన్న బొమ్మకి ముందువరసలో కూర్చున్నాడంటే మాత్రం, వాడు వీధిలో కనపడగానే తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కునేవారు. నేను ఆ చివరి రకం. ఆరేళ్లపాటు ఒక్క ఆదివారం తప్పలేదు. (ఒకసారి నూటమూడు జ్వరంతో వెళ్లాను. బొమ్మ మరింత బాగుంది.)

మార్నింగ్ షో అంటే ఏమిటో ఈ కాలం వాళ్లకి చెప్పాలి. మధ్యాహ్నం నుంచి ఆడే పెద్ద బొమ్మతో ఏ సంబంధమూ లేకుండా, ఆదివారం ఒక్కరోజు, పొద్దున్న పదింటికి వేసే వేరే బొమ్మ అది. హాలు ముందు నలభై అడుగుల కటౌట్లూ, వాటికి వేసిన పూలదండలూ అన్నీ పెద్ద బొమ్మవే. మార్నింగ్ షోకి దక్కేది సైకిల్ స్టాండు గోడ మీద ఒకే ఒక్క పోస్టరు. దాన్నీ మేక సగం తినేసేది. రీళ్లు దేశమంతా తిరిగి, అరిగి, విరిగి, అతుకులు వేయించుకుని, ఇంక ఏ ఊరూ రానివ్వదని ఖాయం చేసుకున్నాక మా ఊరు వచ్చేవి. తెర మీద ఎప్పుడూ వాన కురుస్తూనే ఉండేది, ఎడారి సీనులో కూడా. అలాగని అవి పేరున్న తారలు నటించిన సినిమాలనుకునేరు. ఒకదాంట్లో ఊళ్లో గడియారాలన్నీ ఏకమై మనుషుల మీద తిరగబడతాయి. ఇంకోదాంట్లో చంద్రుడి మీద పళ్ల డాక్టరొకడు ప్రాక్టీసు పెట్టి, పిచ్చెక్కి, భూమిని కొరకాలని చూస్తాడు. మరోదాంట్లో వంకాయరంగు గ్రహం ఒకటి మన కలల్ని తినేసి బలుస్తూ ఉంటుంది. హాల్లో ఉండే జనం నాలుగు రకాలు: ఓడ దిగిన విదేశీ నావికులు, కాలేజీ ఎగ్గొట్టడం ఆదివారం కూడా మానలేని కుర్రాళ్లు, ఫ్యాను గాలికి నిద్రపోదామని వచ్చినవాళ్లు, నేను.

“ఛ, ఇదెక్కడైనా ఉందా!” అనేవారు మా వాళ్లు నేను కథ చెబితే. ఇదే మనుషులు సాయంత్రం ఆటకి వెళ్లి, చొక్కా నలక్కుండా హీరో నలభైమందిని చితక్కొడితే నమ్మేవారు. తిరునాళ్లలో తప్పిపోయిన అన్నదమ్ములు ఇరవై ఏళ్ల తరవాత ఒక పాట పాడుకుని కలుసుకుంటే కళ్లొత్తుకునేవారు. ఆఖరి రీల్లో అత్తగారు మారిపోయి కోడల్ని కౌగిలించుకుంటే అదీ నమ్మేవారు. గడియారాలు తిరగబడ్డాయంటే మాత్రం నమ్మరు! ఆలస్యమైతే జీతం కోసే గడియారమున్న పోర్టులో నేను ఉద్యోగం చేస్తున్నాను కనక గడియారం తిరగబడటం వారానికి రెండుసార్లు చూసేవాణ్ని. అత్తగారు మారటం ఈనాటివరకూ చూడలేదు. పైగా వాళ్ల సినిమాల్లో ఏడవాల్సిన చోట ఫిడేలు వాయించి ‘ఇప్పుడు ఏడవండి’ అని చెప్పేవారు. నా సినిమాల్లో ఎవరూ ఏమీ చెప్పరు. ఆ రబ్బరు జంతువుని చూసి భయపడాలా, నవ్వాలా, జాలిపడాలా అన్నది నా ఇష్టానికి వదిలేసేవారు. నా ఇష్టానికి వదిలేసిన విషయం ఆ వయసులో నాకు అదొక్కటే. అందుకని దాన్ని ఎవరికీ వదులుకునే ఉద్దేశం నాకు లేదు.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డవాడు. నేనూ అక్కడే టాలీ గుమాస్తాని, అంటే ఓడలోంచి దిగే బస్తాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి గీతలు గీసేవాణ్ని. ఇరవై నాలుగేళ్లొచ్చాయి కనక పెళ్లి సంబంధాలు మొదలయ్యాయి, మొదలైనవి మొదలైనట్టే పోయాయి. మొదటి సంబంధం, అమ్మాయి మేనమామ నన్ను హాల్లోంచి వస్తుండగా చూడటం వల్ల పోయింది. రెండోది పూర్తిగా నా స్వయంకృషి. “అబ్బాయికి సరదాలేమైనా ఉన్నాయా?” అని వాళ్ల పెద్దాయన మర్యాదకి అడిగితే, చంద్రుడి మీద పళ్ల డాక్టరు కథ మొత్తం, గంటన్నరసేపు, నటిస్తూ చెప్పాను. నా ముందు పెట్టిన ఉప్మా నేను ముట్టకుండానే వాళ్లమ్మగారు వెనక్కి తీసుకెళ్లిపోయారు. ఆ సాయంత్రం మా నాన్న నన్ను దేవుడి గదిలో నిలబెట్టాడు. “ఇదిగో, ఆఖరిసారి చెబుతున్నాను. ఇంకో సంబంధం చూస్తాను. అదీ ఈ దయ్యాల పిచ్చి వల్ల తప్పిపోయిందంటే, ఈ దీపం మీద చెయ్యేసి ఒట్టేస్తావు, జన్మలో మళ్లీ మార్నింగ్ షో మొహం చూడనని. ఏరా?” అన్నాడు. మా అమ్మ వెనకాల నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను సరేనన్నాను. ఇంకేమనగలను?

ఆ మూడో సంబంధాన్ని తెచ్చినవాడు మా అక్క మొగుడు. పోర్టులో క్రేన్ డ్రైవరు, పుట్టింది విజయనగరం వైపు పల్లెలో. అతను నాకు బావ, ఆ ప్రాంతపు అలవాటు ప్రకారం నేనూ అతనికి బావనే. “ఏటి బావా, అలగ మొగం ఏలాడేసుకున్నావు? పెందుర్తిలో మంచి సంబంధముంది. పిల్ల టెలిఫోన్ ఆఫీసులో పనిసేత్తంది. మనోలే. ఇప్పటికి నాలుగుసార్లు ముస్తాబు సేసి సాప మీద కూకోబెట్టేరట. అయిదోసారి కూకోనని సెప్పీసింది. ‘సినిమా హాల్లో సూసుకుంటే సూసుకోమనండి, నేదంటే నేదు’ అందట” అన్నాడు. ఇది ఆ రోజుల్లో బాగా ఉన్న పద్ధతే. రెండు కుటుంబాలూ ఏదో అనుకోకుండా కలిసినట్టు ఒకే హాలుకొచ్చి, ఒకే వరసలో కూర్చుని, తెర వెలుగులో ఓరకంటితో చూసుకోవడం. నచ్చితే కబురు పంపుతారు. నచ్చకపోతే ఎవరి పరువూ పోదు, సినిమా చూసొచ్చామనుకుంటారు. బావ జేబులోంచి ఫోటో తీశాడు. అందులో ఆ అమ్మాయి నవ్వలేదు. ఫోటో తీసేవాడు రాంగ్ నంబరు అడిగినట్టు సూటిగా చూస్తోంది. నాకు అక్కడికక్కడే నచ్చేసింది.

“పిల్లకి శనివారం రాత్రి డ్యూటీ. ఆదివారం పొద్దుట దిగుతాది, సాయంత్రం మల్లీ ఎక్కాల. అంచేత పదిగంటలాటే కుదురుతాది” అని బావ పథకం విప్పాడు. “హాలు నానే సూసొచ్చేను. రాములోరి సినిమా బావా! ఎంతెత్తు కటౌటెట్టేరనుకున్నావు! కొబ్బరికాయలు కూడా కొట్టతన్నారు. సుబమా అని అందులో కూకోబెడితే సంబంధం ఎక్కడికి పోతాది? ఆదివారం పదాటకి టిక్కెట్లు నువ్వు తెచ్చీ.” అసలు సంగతేమిటంటే మా బావ జన్మలో ఎప్పుడూ మ్యాట్నీ తప్ప చూడలేదు. ఆదివారం పదింటికి ఆ హాల్లో రాములవారు ఉండరనీ, వేరే బొమ్మ వేస్తారనీ అతనికి తెలీదు, కొబ్బరికాయల మాట వినేసరికి మా నాన్నకీ ఆ సంగతి తట్టలేదు. సైకిల్ స్టాండు గోడ మీద మేక వదిలిపెట్టిన సగం పోస్టరు వాళ్లిద్దరూ చూడలేదు. నేను చూశాను. అది రెండు నెలలుగా నేను కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్న బొమ్మ. నక్షత్రం మీంచి ఊడిపడిన ఒక రాక్షసి నత్త కథ.

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. దేవుడి సాక్షిగా తెరిచాను. అప్పుడే బావ, “ఒక్క మాట బావా. దెయ్యాల సినిమాల ఊసెత్తకు. ఎవలేనా అడిగితే ‘నాను బక్తి సినిమాలే సూత్తానండి’ అను” అన్నాడు. అంతే, నోరు మూసేశాను. భక్తి సినిమాలే చూస్తానని చెప్పి పెళ్లి చేసుకుని, ఆ తరవాత జీవితాంతం ప్రతి ఆదివారం యూనియన్ మీటింగుందని అబద్ధమాడి గోడ దూకాలా? ఆ సూటిగా చూసే అమ్మాయి నన్ను చూడ్డానికే గదా వస్తోంది! పూర్తిగా చూసుకోనీ. నేనేమిటో నత్తతో సహా చూసుకోనీ. పోతే ఆ దీపం మీద చెయ్యి వేస్తాను. ఇలా అనుకుని వెళ్లి టిక్కెట్లు తెచ్చేశాను. (టాలీ గుమాస్తానై ఉండి చిల్లర లెక్కపెట్టుకోవడం మర్చిపోయాను. అది వేరే సంగతి.)

ఆదివారం వచ్చింది. అమ్మాయి తరఫున పదకొండుమంది దిగారు. (మా నాన్న ఎనిమిదిమందే అంటాడు. టాలీ గుమాస్తాని నేను, నా లెక్కే నమ్మండి.) ముందు వాళ్ల నాన్న. స్టీలు ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. ఆయన మీసాల మీద చెరోవైపు ఒక్కో కాకి వాలొచ్చు. వెనకాల వాళ్లమ్మ, ఆ వెనక చుట్టాల దండు, మధ్యలో చేతికర్ర పట్టుకుని ఆ అమ్మాయి మామ్మ. స్టీలు ఫ్యాక్టరీ వస్తోందని వాళ్ల ఊరు ఖాళీ చేసి, పెందుర్తిలో కొత్తగా ఇల్లు కట్టుకున్న కుటుంబం అది. మామ్మ కటౌట్‌కి దణ్ణం పెట్టి హాలు గుమ్మంలో చెప్పులు విడిచింది. “రాములోరి కాడికి సెప్పులేసుకుని ఎల్తారేటి?” అని అందరినీ చూసింది. పదకొండుమందీ చెప్పులు విడిచారు. మా అమ్మానాన్నలూ విడిచారు. నేనూ విడిచాను. అమ్మాయి రాత్రి డ్యూటీ నుంచి తిన్నగా వచ్చింది. నా వైపు ఒక్కసారి చూసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కోపమనుకున్నాను. మా నాన్న మాత్రం టిక్కెట్ల దగ్గర వరసలో నిలబడ్డ నావికుల్ని అనుమానంగా చూసి, “ఈ తెల్లవాళ్లేంట్రా, రాముడి సినిమాకి?” అని నా చెవిలో అడిగాడు. “భక్తి నాన్నా” అన్నాను.

మర్యాద ప్రకారం అమ్మాయిని వరసకి ఆ చివర, తల్లికీ తండ్రికీ మధ్య కూర్చోబెట్టారు. నన్ను ఈ చివర, మా బావకీ మామ్మకీ మధ్య. దీపాలారాయి. తెర మీద నల్లటి ఆకాశం, నక్షత్రాలు. “వైకుంటం” అని మామ్మ చేతులు జోడించింది. ఆ వైకుంఠంలోంచి గుమ్మడికాయంత గుడ్డొకటి భగ్గున మండుతూ వచ్చి ఒక ఇంగ్లీషు ఊరి బయట పడింది. పగిలింది. అందులోంచి నత్త వచ్చింది. మొదట కోడిపెట్టంత, పావుగంటకి బస్సంత, ఆ తరవాత మా పోర్టులో గోడౌనంత. టార్పాలిన్ గుడ్డతో చేసిన నత్త. కిందనుంచి ఆరు జతల కాన్వాసు బూట్లు స్పష్టంగా కనపడుతున్నాయి. అది నడవడం గంటకి ఫర్లాంగు. ఆ ఊరి జనం అరుచుకుంటూ పరిగెత్తుతూ పరిగెత్తుతూ ఎలాగో వచ్చి దాని ముందే పడుతున్నారు. దాని జిగురు తగిలినవాడు గవ్వలా గట్టిపడిపోతున్నాడు. వరస ఆ చివరినుంచి ఫోర్‌మన్‌గారి మీసాలు, ఆ నత్త కంటే నెమ్మదిగా, నా వైపు తిరిగాయి. మా బావ నా తొడ మీద గిల్లిన గిల్లుడికి ఈనాటికీ మచ్చ ఉంది. (కావాలంటే... సరే, వద్దులెండి.)

“బాబూ, ఇదేటి? రాములోరేరీ?” అని మామ్మ అడిగింది. 

“రారండీ మామ్మగారూ. ఇది నత్త సినిమా” అన్నాను. దాచి లాభమేమిటి?

“నత్తా? మన సెరువులో నత్తే?”

“కాదండీ, పైన నక్షత్రం మీంచి వచ్చింది.”

ఆవిడ కాసేపు చూసింది. “ఎందుకొచ్చింది?” అంది.

ఆరేళ్లలో నేను ఎన్ని సినిమాల కథలు ఎంతమందికి చెప్పానో, ఒక్కళ్లంటే ఒక్కళ్లు ఈ ప్రశ్న అడగలేదు. నవ్వారు, లేచిపోయారు, ఉప్మా వెనక్కి తీసుకెళ్లారు. ఎందుకొచ్చిందని అడిగినవాళ్లు లేరు. “అక్కడ దాని చోటు పోయిందటండీ. ఇంకెక్కడైనా ఇంత జాగా దొరుకుతుందేమోనని వచ్చింది. వీళ్లు ఉండనివ్వడం లేదు” అన్నాను. (సినిమాలో ఇంత ఉందో లేదో చెప్పలేను. ఆ సౌండులో నాకు అర్థమైంది అది.) మామ్మ చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని తెర వైపు వంగింది. “ఇల్లు ఈపునేసుకుని ఒచ్చీసింది, పాపం. మాం కూడా గడపలు, తలుపులు ఊడదీసి బండిమీదేసుకునే ఒచ్చేం” అంది. ఆ తరవాత నత్త మీద ఎవడు రాయి విసిరినా “ఓరి నీ సెయ్యిరగ!” అని తిడుతూ, ప్రతి సీనుకీ నన్ను కథ అడిగింది. నేను చెబుతున్నాను. వెనక వరసవాళ్లు “కూసింత గట్టిగా సెప్పండి బాబూ” అన్నారు. గట్టిగా చెప్పాను. బాల్కనీ నుంచి “ఇనపడ్నేదు!” అన్నారు. లేచి నిలబడ్డాను. మార్నింగ్ షో చరిత్రలో మొట్టమొదటిసారి ఒక బొమ్మ హాలంతటికీ తెలుగులో అర్థమైంది. టార్చిలైటువాడు నన్ను కూర్చోబెట్టడానికి వచ్చి, మెట్టు మీద కూర్చుని కథ విన్నాడు.

ఆ ఊపంతా విశ్రాంతికి దీపాలు వెలిగేదాకానే. వెలగ్గానే వరస చివరికి చూశాను. అమ్మాయి తల్లి భుజం మీద తల వాల్చేసి, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. భయపడిపోయింది, అసహ్యం పుట్టింది, మొహం చూడలేక కళ్లు మూసుకుంది అనుకున్నాను. నా గుండె హార్బరు అడుక్కి దిగిపోయింది. ఆవిణ్నీ తల్లినీ మామ్మనీ వదిలి మగవాళ్లందరం సోడాల దగ్గరికొచ్చాం. ఫోర్‌మన్‌గారు సోడా తాగలేదు. “ఏటి బాబూ ఇది? పెళ్లిసూపులకని పిలిసి పురుగుని సూపిత్తన్నారేటి?” అన్నారు. మా బావ నా చెవిలో “తప్పయిపోయిందను. తెలీక ఒచ్చేనను” అని ప్రాణం పెట్టి బతిమాలుతున్నాడు. మా నాన్న ముందుకొచ్చి, “మావాడికి తెలీదండీ, పొరపాటు జరిగింది. ఇలాంటి వెధవ సినిమాలు వీడు జన్మలో చూసెరగడు. ఏరా?” అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. నేనిప్పుడు చెయ్యాల్సిందల్లా ఒక్కసారి తల ఊపడం. ఊపితే సంబంధం ఉంటుంది, ఆ అమ్మాయి ఉంటుంది, మా నాన్న పరువుంటుంది. తల ఊపాలనే అనుకున్నాను. అది కదల్లేదు.

“తెలుసండీ” అన్నాను. “ఇవాళ ఈ బొమ్మేనని తెలిసే టిక్కెట్లు తీశాను. చెప్పకుండా మిమ్మల్ని తీసుకురావడం నాదే తప్పు, దానికి మాత్రం క్షమించండి. ఈ సినిమాలు ఆరేళ్లనుంచి చూస్తున్నాను. పెళ్లయినా చూస్తాను.” బావ చేతిలోంచి సోడాసీసా జారి పడింది. అది పగిలిన చప్పుడు డాల్ఫిన్స్ నోస్ కొండకి తగిలి వెనక్కొచ్చింది.

“ఇందులో ఏటుందయ్యా?” అన్నారు ఆయన. నిజంగానే అడుగుతున్నట్టు అడిగారు.

“రాములవారి సినిమాలో ఎవరు గెలుస్తారో ఇంట్లో బయల్దేరకముందే తెలుసండి. ఇందులో నత్త మంచిదో, ఊరివాళ్లు మంచివాళ్లో నాకింకా తెలీదు. ఎవరూ చెప్పరు. నేనే తేల్చుకోవాలి. వారమంతా బస్తాలు లెక్కపెట్టడానికి తప్ప నా బుర్రతో ఎవరికీ పన్లేదండీ. దానికి పని చెప్పేది ఈ పూటొక్కటే” అన్నాను.

“కింద బూట్లు కనపడతన్నాయి బాబూ!”

“కనపడనివ్వండి. ఆ టార్పాలిన్ కింద ఆరుగురు చెమటలు కక్కుతూ మోస్తున్నారు. వాళ్లున్నారని తెలిసి కూడా మీరు ఇందాక కాళ్లు పైకి పెట్టుకున్నారు, నేను చూశాను. ఫోర్‌మన్‌గారు మీరు, పనితనమంటే ఏమిటో మీకు నేను చెప్పాలా?”

ఆయన మీసాలు ఒక్క క్షణం ఆగాయి. ఆ ఒక్క క్షణం నేను గెలిచాననే అనుకున్నాను. తరవాత ఆయన పంచె సర్దుకుని “ఎల్పోదాం, ఆడోల్ని పిలండి” అన్నారు. మా బావ తలుపు తోసుకుని లోపలికెళ్లి, అంతకంటే వేగంగా బయటికొచ్చాడు. “మామ్మగారు రానంతన్నారండి. ‘నత్తేటయ్యిందో సూసీవరకూ నాను కదల్ను, ఎల్తే మీరెల్లండి’ అంతన్నారు” అన్నాడు. ఆ ఇంట్లో ఆవిడ మాట దాటి ఎవరూ ఇంతవరకూ అడుగు వెయ్యలేదట. ఫోర్‌మన్‌గారితో సహా అందరం తలలొంచుకుని మళ్లీ లోపలికి నడిచాం.

సెకండాఫ్ సంగతి క్లుప్తంగా చెబుతాను, ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. సైన్యం వచ్చింది, ఫిరంగులు వచ్చాయి, వాటివల్ల కాలేదు. చివరికి ఒక బడిపిల్లాడు చెప్పిన ఉపాయంతో ఊరి చుట్టూ లారీల్లో ఉప్పు తెచ్చి పోశారు. నత్త ఎటు కదిలినా ఉప్పే. అది ఒకసారి కొమ్ములెత్తి ఆకాశం వైపు చూసి, మెల్లిగా తన గుల్లలోకి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఊరివాళ్లు చప్పట్లు కొట్టారు. మా హాల్లో ఒక్కళ్లూ కొట్టలేదు. “ఉప్పేసీసేరు ఎదవలు” అని మామ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ముందువరసలో నావికుడొకడు వెనక్కి తిరిగి ఆవిణ్ని చూసి, టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

బయట ఎండ మండిపోతోంది. అందరూ చెప్పులు వెతుక్కుంటుంటే ఫోర్‌మన్‌గారు మా నాన్న దగ్గరికొచ్చి, “నువ్వు మంచోడివే, నీ కొడుకూ అబద్దమాడ్నేదు. గానీ మా గుంట బెదిరిపోయింది. మొదట్నుంచీ కళ్లు మూసుకునే కూకుంది. ఈ సంబంధం మనకి...” అంటున్నారు. మా నాన్న అప్పటికే మనసులో దీపం వెలిగించేశాడు, ఆయన మొహంలో ఆ వెలుగు కనపడుతోంది.

“బెదిరిపోనేదు నాన్నా” అని వెనకనుంచి ఒక గొంతు. నేను ఆ గొంతు వినడం అదే మొదలు. అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆవలించింది. “నిద్దరోయేను. రాత్రంతా ఒకటే కాల్స్. ఒక్క బొమ్మ ముక్క కూడా నాను సూడ్నేదు.” అప్పుడు తిన్నగా నా వైపు తిరిగింది. పెళ్లిచూపుల్లో అమ్మాయి అబ్బాయిని అందరిముందూ పలకరించడం మా రెండు వంశాల్లోనూ అదే ప్రథమం. “ఏవండీ, ప్రెతీ ఆదివారం ఎల్తారా?” అంది.

“వెళ్తాను” అన్నాను. చచ్చేవాడికి భయమేమిటి?

“ఎన్నింటికి ఎల్తారు?”

“తొమ్మిదికల్లా బయల్దేరతాను.”

“మల్లీ ఇంటికొచ్చీసరికి?”

“ఒంటిగంట దాటుతుందండీ.”

ఆవిడ మనసులో లెక్కేసుకుంది. “మా ఇంట్లో పన్నెండుమంది. నాను డ్యూటీ దిగొచ్చి పడుకుందునా, ఒకలు రేడియో, ఒకలు రోకలి. ఉజ్జోగంలో సేరినకాడ్నుంచి సరైన నిద్దర నేదు. నాలుగ్గంటలు ఇంట్లో ఎవలూ ఉండరంటే...” అని ఆగి, కొంచెం అనుమానంగా, “నన్ను గానీ రమ్మంటారేటి?” అంది.

ఇది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. ఆరేళ్లుగా నా కలలో నా పక్కసీటు ఖాళీగా లేదు మరి. అందులో ఒకామె నా చెయ్యి గట్టిగా పట్టుకుని తెర వైపు చూస్తూ ఉండేది. ఆ కలని అక్కడే, చెప్పుల పక్కన విడిచిపెట్టాను. “రమ్మననండీ” అన్నాను.

“ఐతే నాకిట్టమే నాన్నా” అని ఆవిడ మళ్లీ ఆవలించింది.

ఫోర్‌మన్‌గారి మీసాలు రెండూ రెండు దిక్కులు చూస్తున్నాయి. “అమ్మా, నువ్వేటంతావు?” అని తల్లిని అడిగారు. మామ్మ చెప్పులు తొడుక్కుంటూ, “దానికిట్టమైతే నానేటంతాను?” అని నా భుజం పట్టుకుని లేచి, “ఒచ్చీ ఆదివారం ఏం బొమ్మ బాబూ?” అంది.

పెళ్లయింది, వేరు కాపురం పెట్టాం. ఆ తరవాత నాలుగేళ్లపాటు, అంటే మామ్మ బతికున్నన్నాళ్లూ, ఆదివారం పొద్దున్నే పెందుర్తి నుంచి బస్సెక్కి మద్దిలపాలెంలో దిగేది. నేను డిపో దగ్గర నిలబడి ఉండేవాణ్ని. గబ్బిలాలూ, మంచుదయ్యాలూ, మాట్లాడే పుర్రెలూ, దేన్ని చూపించినా ఆవిడ అడిగేది ఒకటే, “ఎందుకొచ్చింది?” అని. ఇంట్లో మా ఆవిడ తలుపు గడియ వేసుకుని, మా ఊళ్లో ఏ ఇల్లాలూ ఎరగనంత హాయిగా నిద్రపోయేది. నేను ఇంటికొచ్చి కథ చెప్పబోతే “మామ్మకి సెప్పేరు కదా” అనేది.

ఇప్పుడు ఆ హాలు లేదు. నాకు యాభై దాటాయి, ప్రమోషన్లు వచ్చాయి, పొట్టా వచ్చింది. పెద్దమనిషినయ్యాను. పెద్దమనిషి అనగా ఎవరేమన్నా “అంతేనండీ” అనేవాడు. మొన్నామధ్య సీతమ్మధారలో తెలిసినవాళ్ల గృహప్రవేశానికి వెళితే, పక్కన కూర్చున్న, అదే వీధిలో ఉండే ఒక రిటైర్డు లెక్చరర్‌గారు, “ఈ కాలం పిల్లలు ఆ దిక్కుమాలిన దయ్యాల సినిమాలు ఎలా చూస్తారండీ? మీరు ఎలాంటివి చూస్తారు?” అని అడిగారు. “ఏదో, కుటుంబసమేతంగా చూసేవండీ” అనేశాను. ఎంత సాఫీగా వచ్చిందో ఆ మాట! ఆయన మెచ్చుకుని నా విస్తట్లో ఇంకో బూరె వేయించారు. ఇంటికొచ్చి తాళం తీస్తూ మా ఆవిడ, “ఆ దినం మా నాన్న ముందు ఆడని అబద్దం, ఈ ముసలాయన ముందెందుకాడేరు?” అంది. అని పడుకుంది. నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే ఆటో ఎక్కి సీతమ్మధార వెళ్లాను. లెక్చరర్‌గారి తలుపు కొట్టాను. ఆయన పేపరు చేత్తో పట్టుకుని బయటికొచ్చి “ఏమండీ, ఏమైంది?” అన్నారు కంగారుగా. “ఏం లేదండీ. నిన్న మీతో అబద్ధం చెప్పాను. దయ్యాల సినిమాలే చూస్తాను. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను, ఇకముందూ చూస్తాను” అన్నాను. ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూసి, మర్యాదస్తుడు కనక లోపల కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు. ఆయన మాత్రం కొంచెం దూరంగా, గుమ్మం పక్క కుర్చీలో కూర్చున్నారు. కాఫీ తాగుతుంటే ఆ రోజు సోడాకొట్టు దగ్గర నిలబడ్డ ఆ బక్కకుర్రాడు గుర్తొచ్చాడు. కటిక మూర్ఖుడు. పెద్దలంటే లెక్కలేదు, పెళ్లిచూపులకి నత్తని పిలిచాడు. ఒక్కటి మాత్రం చెప్పాలి. నేను ఒక రాత్రంతా దొర్లి, ఆటో మాట్లాడుకుని వచ్చి చెప్పిన ఈ మాటని వాడు నిలుచున్నచోటే, ప్రాణంలాంటి సంబంధం పోతుందని తెలిసీ చెప్పాడు. వాణ్ని తల్చుకుని నాలో నేనే నవ్వుకున్నాను. లెక్చరర్‌గారు కుర్చీ ఇంకాస్త వెనక్కి జరుపుకున్నారు.